మొక్కజొన్న పరాగనాళ పెరుగుదలలో యాక్టిన్ తంతువుల పాత్ర

ఉపోద్ఘాతం

మొక్కజొన్న కండెపై ఉన్న ప్రతి అండానికి ఒక పీచు ఉంటుంది. పీచుపై పడిన పుప్పొడి రేణువు మొలకెత్తి, పరాగనాళంగా సాగి, పురుష బీజకణాలను అండం వరకు చేర్చినప్పుడే గింజ కడుతుంది. ఈ నాళం గంటకు సుమారు 1 సెంటీమీటరు వరకు పెరగగలదు. ఒకే కణం ఇంత వేగంగా, ఒకే దిశలో సాగడానికి ఆధారమైన అంతర్గత వ్యవస్థలలో యాక్టిన్ తంతువులు ముఖ్యమైనవి. కణాస్థిపంజరంలో భాగమైన ఈ తంతువుల నిర్మాణాన్ని, పరాగనాళంలో వాటి పనిని ఈ వ్యాసంలో వివరించడమైనది.

తంతువు నిర్మాణం

యాక్టిన్‌ను 1942లో హంగరీ దేశంలో స్ట్రాబ్ కండరం నుండి వేరుచేశారు. విడి యాక్టిన్ అణువు సుమారు 42 కిలోడాల్టన్ల గోళాకార ప్రోటీను. ఇది ఏటీపీని బంధించుకొని ఉంటుంది. రెండు అణువుల కలయిక అస్థిరమైనది. మూడు అణువులు కలిస్తే కేంద్రకం ఏర్పడి, అక్కడి నుండి తంతువు వేగంగా పెరుగుతుంది. అందువలన కేంద్రకం ఏర్పడడమే ఈ ప్రక్రియలో కష్టమైన మెట్టు. కణంలో ఫార్మిన్, ఏఆర్‌పీ 2/3 సముదాయం ఈ మెట్టును సులభతరం చేస్తాయి.

తయారైన తంతువు సుమారు 7 నానోమీటర్ల మందంతో, మెలితిరిగిన రెండు పేటల తాడు వలె ఉంటుంది. దాని రెండు కొనలు ఒకే విధమైనవి కావు. ముళ్ల కొన వద్ద అణువులు చేరడానికి సుమారు 0.1 మైక్రోమోలార్ గాఢత చాలును. మొనదేలిన కొన వద్ద సుమారు 0.6 మైక్రోమోలార్ అవసరం. గాఢత ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడు ఒక కొన పెరుగుతూ, రెండవ కొన తరుగుతూ ఉంటుంది. తంతువులో చేరిన తరువాత ఏటీపీ ఏడీపీగా మారుతుంది. పాతబడిన ఈ భాగాన్ని ఏడీఎఫ్ ప్రోటీను తెంచుతుంది. విడివడిన అణువులను ప్రొఫిలిన్ తిరిగి ముళ్ల కొనకు అందిస్తుంది.

పరాగనాళంలో పని

నాళం కాండ భాగంలో యాక్టిన్ తంతువులు పొడవైన కట్టలుగా ఉంటాయి. కణకవచ పదార్థాన్ని మోసే సూక్ష్మ కోశికలను మయోసిన్ ప్రోటీను ఏటీపీ శక్తితో ఈ కట్టల వెంట కొన వైపు నడిపిస్తుంది. కొనకు కొంచెం వెనుక పొట్టి తంతువులు దట్టంగా అమరి ఉంటాయి. కోశికలు కొన వద్ద ప్లాస్మాత్వచంతో కలిసి కొత్త కవచాన్ని సమకూర్చగా, స్ఫీత పీడనం దానిని ముందుకు సాగదీస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది: యాక్టిన్ కేవలం రవాణా మార్గమేనా? లిల్లీ పరాగనాళాలపై జరిగిన ప్రయోగాలు దీనికి సమాధానమిచ్చాయి. విడి యాక్టిన్ అణువులను బంధించే లాట్రంకులిన్‌ను అతి స్వల్ప మోతాదులో ఇచ్చినప్పుడు కణద్రవ్య ప్రవాహం కొనసాగినప్పటికీ నాళం పెరుగుదల ఆగిపోయింది. కనుక ఉన్న తంతువుల వెంట రవాణా జరిగితే చాలదు. కొత్త తంతువులు నిరంతరం ఏర్పడడం కూడా పెరుగుదలకు అవసరమని తెలుస్తున్నది.

క్షేత్ర పరిశీలనకు అన్వయం

పీచుపై పుప్పొడి పడినంత మాత్రాన ఫలదీకరణ జరిగినట్లు కాదు. ఫలదీకరణ జరిగిన అండం నుండి పీచు సాధారణంగా రెండు మూడు రోజులలో ఊడిపోతుంది. కండెపై పొరలను జాగ్రత్తగా తొలగించి మెల్లగా విదిలిస్తే, ఇంకా అంటిపెట్టుకొని ఉన్న పీచులు ఫలదీకరణ జరగని అండాలను సూచిస్తాయి. అయితే లోపం ఎక్కడ జరిగిందో ఈ పరీక్ష తెలుపదు. నీటి ఎద్దడి వలన పీచు ఆలస్యంగా వెలువడి పుప్పొడి అందకపోయి ఉండవచ్చు. లేదా మొలకెత్తిన నాళం మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. పీచును అనిలిన్ బ్లూ రంజకంతో ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే నాళం ఎంత దూరం సాగినదీ తెలుస్తుంది.

ముగింపు

నాళం మధ్యలో ఆగినట్లు తేలినప్పుడు మాత్రమే యాక్టిన్ వంటి కణస్థాయి కారణాలను వెదకడం సముచితం. పుప్పొడి అందని చోట విత్తే సమయం, పూత దశలో నీటి యాజమాన్యం వైపు దృష్టి సారించవలసి ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగినప్పుడే రైతుకు ఇచ్చే సలహా సరైనదవుతుంది.