విల్లు లాగే బలం ఎక్కడ ఉంటుంది?

ఈసారి పాఠం పేజీ నా వంతు వచ్చింది. విలువిద్యకి ఒంటిని ఎలా తయారు చేసుకోవాలో రాస్తాను. కొంత మన సైన్సు పుస్తకంలోది, కొంత పీఈటీ సారు చెప్పింది, కొంత మా తాత దగ్గర విన్నది.

ఎందుకు రాస్తున్నానంటే, డిసెంబరులో ఆటల పోటీలకి పేర్లు పంపాలి. విలువిద్యకి మన స్కూలు నుంచి ఇంతవరకు ఒక్క ఆడపిల్ల పేరు కూడా పోలేదు. పోయిన నెల చెక్క విల్లు ఇస్తే మా తరగతి ఆడపిల్లల్లో ఇద్దరే గడ్డం దాకా లాగగలిగారు. "ఆడోళ్ళకి బలం చాలదు" అని ఒక అబ్బాయి అన్నాడు. (పేరు రాయను. వాడికే తెలుసు.) ఆ మాట నిజమా కాదా అని లెక్క కట్టి చూశాను.

వంటగది స్టోరు రూములో కొక్కెం ఉన్న స్ప్రింగు తాసు ఉంది గదా. వంట అక్కని అడిగి తెచ్చాము. విల్లుని కిటికీ ఊచకి తగిలించి, నారికి కొక్కెం పెట్టి, గడ్డం దాకా వచ్చేంత దూరం లాగితే ముల్లు 9 కిలోల దగ్గర ఆగింది. విల్లు మీద 20 పౌండ్లు అని రాసి ఉంది. పౌండు అంటే సుమారు 454 గ్రాములు కాబట్టి లెక్క సరిపోయింది. ఇప్పుడు చూడండి, మనం బోరింగు నుంచి మోసే బకెట్లో 10 లీటర్ల నీళ్ళు పడతాయి. అంటే 10 కిలోలు. అలాంటివి రెండు చేతులకి రెండు పట్టుకుని రోజూ నడుస్తున్నాం. మరి 9 కిలోల విల్లు ఎందుకు లాగలేకపోయాం?

బకెట్ మోసేటప్పుడు చెయ్యి కిందికి వేలాడుతుంది. విల్లుకి అలా కాదు. ఒక చెయ్యి ముందుకి నెట్టాలి, ఇంకో చెయ్యి వెనక్కి లాగాలి, రెండూ భుజం ఎత్తులో ఉండాలి. అలవాటు లేనివాళ్ళు ముంజేతితో, దండ చేతితో లాగుతారు. ముందు దండలో ఉండే ద్విశిర కండరం చిన్నది, తొందరగా అలిసిపోతుంది. అసలు బలం వీపులో ఉంది. వీపు మీద రెండు పలకల్లాగా రెక్క ఎముకలు ఉంటాయి, తడిమి చూసుకోండి. నారిని లాగేటప్పుడు ఆ రెండు ఎముకలూ దగ్గరికి రావాలి. వాటిని దగ్గరికి తెచ్చే కండరాలు పెద్దవి, వెడల్పుగా ఉంటాయి, ఓపిక ఎక్కువ. పీఈటీ సారు నా వీపు మధ్యలో చాక్‌పీసు పెట్టి "దీన్ని నొక్కు" అన్నారు. అప్పుడు అర్థం అయింది, పుస్తకంలో బొమ్మ చూస్తే కాలేదు.

ఇంకో సంగతి. పని అంటే బలం, స్థానభ్రంశం గుణించాలి అని చదివాం. విల్లు లాగి కదలకుండా పట్టుకుంటే స్థానభ్రంశం లేదు, కాబట్టి పని సున్నా. కానీ చెయ్యి వణికిపోతుంది! ఇదేంటి మేడమ్ అని అడిగితే, కండరం లోపలి పోగులు పట్టుకుంటూ వదులుతూ మళ్ళీ పట్టుకుంటూ ఉంటాయి, దానికి శక్తి ఖర్చవుతుంది అని సైన్సు మేడమ్ చెప్పారు. గురి చూసేది ఆ పట్టుకున్న రెండు మూడు సెకన్లలోనే. అందుకే లాగే బలం కంటే ఆపే బలం ముఖ్యం.

ఆపడం గురించి మా తాతకి బాగా తెలుసు. మా కోయ ఊళ్ళో ఎండాకాలం భూమి పండగకి మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోయేవాళ్ళు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లేవాళ్ళు. ఇప్పుడు అడవి జంతువుల్ని వేటాడటం నేరం, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. నేను వేట గురించి చెప్పడం లేదు, దానికి ఒంటిని ఎలా పెంచేవాళ్ళో చెప్తున్నా. చిన్నపిల్లలకి ముందు సన్నటి వెదురు బద్దతో విల్లు చేసి ఇచ్చేవాళ్ళట. బాణానికి ములికి ఉండదు. పిల్లాడు పెరిగే కొద్దీ బద్ద మందం పెంచేవాళ్ళు. పెద్ద విల్లు ముట్టుకుంటే తిట్టేవాళ్ళట. కొండ ఎక్కి దిగడం, ఆయాసం వచ్చాక కూడా ఊపిరి బిగబట్టకుండా నిలబడటం, ఒకే చోట కదలకుండా కూర్చోవడం, ఇవన్నీ అందులోవే. "నాకు ఎందుకు చేసి ఇవ్వలేదు తాతా" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు అభ్యాసం. దీనికి విల్లు అక్కర్లేదు, పాత సైకిలు ట్యూబు చాలు. మూత దగ్గర కోసి పొడుగు పట్టీ చెయ్యాలి. ఎడమ చేత్తో ఒక కొస పట్టుకుని చెయ్యి ముందుకి చాపాలి. కుడి చేత్తో రెండో కొసని గడ్డం కిందికి లాగాలి. కుడి మోచెయ్యి కిందికి జారకూడదు, భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు. రెక్క ఎముకలు దగ్గరికి తెచ్చి పది లెక్కపెట్టేదాకా ఆపాలి. తరవాత ఇరవై లెక్కపెట్టేదాకా దించి విశ్రాంతి. ఇలా ఆరుసార్లు. మళ్ళీ చెయ్యి మార్చి అంతే చెయ్యాలి, ఒక పక్కే లాగితే ఒక పక్క కండరాలే పెరుగుతాయి. వారానికి నాలుగు రోజులు చాలు. రెండు వారాలయ్యాక పదిని పదిహేను చేసుకోవచ్చు. అది కూడా తేలిక అనిపిస్తే ట్యూబుని రెండు మడతలు వెయ్యండి. మొదటి వారం నాకు వీపు సలిపింది, మూడో వారానికి పోయింది.

దీంతోపాటు గోడకి చేతులు ఆనించి బస్కీలు, మోచేతుల మీద పలకలాగా ఉండటం, చింతకొమ్మకి వేలాడటం, గ్రౌండు చుట్టూ పరుగు. ఇవి అందరికీ తెలిసినవే.

బరువు విల్లుకి తొందరపడొద్దు. కండరం తొందరగా బలపడుతుంది గాని దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయుబంధనం నెమ్మదిగా గట్టిపడుతుంది. మన వయసులో ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. లాగి పది లెక్కపెట్టే లోపు వణుకు వస్తే ఆ విల్లు మనకి బరువు అని అర్థం. భుజం లోపల సూదితో గుచ్చినట్టు ఉంటే ఆ రోజు ఆపెయ్యాలి. ఇంకొకటి, బాణం లేకుండా నారి లాగి వదలకండి. ఆ శక్తి అంతా విల్లు మీదకే పోయి అది పగులుతుంది. మనకి ఉన్నవే నాలుగు.

తిండి గురించి కొంచెం. రక్తం తక్కువ ఉంటే ఎన్ని బస్కీలు తీసినా ఆయాసమే. మన వయసు ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకి తగ్గకూడదు. వారానికి ఒకసారి ఇచ్చే నీలం బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. దాన్ని కొందరు కిటికీలోంచి పారేస్తున్నారు, నేను చూశాను. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో అంత తిప్పదు. టీతో మాత్రం వేసుకోవద్దు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు డాక్టరు గారిని అడగకుండా ఈ బిళ్ళ గానీ కసరత్తు గానీ మొదలుపెట్టకండి. నీళ్ళు బాగా తాగాలి, ఆయాసం దాకా పోకూడదు.

మనలాంటి వాళ్ళు ఎంత దూరం పోయారో కూడా రాస్తాను. రాజస్థాన్ అహారీ తెగ లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టినవాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల పోటీలో 360కి 358 పాయింట్లు తెచ్చి ప్రపంచ రికార్డుతో సమానం చేశాడు. రాంచీ అమ్మాయి దీపికా కుమారిని మొదట శిక్షణకి పోతే మరీ సన్నగా ఉందని వద్దన్నారట. మూడు నెలలు గడువు అడిగి ఉండిపోయింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు, 2012లో ప్రపంచంలో మొదటి ర్యాంకు. ఒలింపిక్స్‌లో మొదటి రోజు ఒక్కొక్కరు 72 బాణాలు వెయ్యాలి. ఆడవాళ్ళ విల్లు సుమారు 18 కిలోలు అనుకుంటే 72 సార్లకి 1296 కిలోలు అవుతుంది. 50 కిలోల బియ్యం బస్తాలు దాదాపు 26! ఆ సన్నటి అమ్మాయి లాగింది.

వార్డెన్ మేడమ్ గారికి మనవి. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు అరగంట ఆడపిల్లల్ని గ్రౌండులోకి వదిలితే, పోటీల లోపు కనీసం ఆరుగురం ఆ 9 కిలోల విల్లు గడ్డం దాకా లాగుతాము. కావాలంటే తాసు పెట్టి మీరే చూడండి.

సైకిలు ట్యూబులు మూడు దొరికాయి. నీళ్ళ తొట్టి పక్కన మేకుకి తగిలించాను. వాడుకున్నాక మళ్ళీ అక్కడే పెట్టండి, ఎండలో పడేస్తే బీటలు పడతాయి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని