మనాదికి మందు, మనిషికి తోడు
ధమ్మ పాఠం: రోగికి తోడుండేవారి ఐదు గుణాలు



వినయ పిటకంలోని మహావగ్గలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో లేవలేక, తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటివారెవరూ దగ్గరికి రాలేదు. బుద్ధుడు ఆనందునితో నీళ్లు తెప్పించి, ఇద్దరూ కలిసి ఆయనను కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత బుద్ధుడు సంఘాన్ని పిలిచి, తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయాలని చెప్పాడు.

మరి ఇవాళ మన ఊళ్లో ఎవరూ దగ్గరికి పోని రోగి ఎవరు? ఒంటి మీద గాయం కనపడని మనిషి. మనసు కుంగిన మనిషి.

1. ఈ జబ్బుకు మన పేరు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో "నాకు డిప్రెషన్ ఉంది" అని ఎవరూ అనరు. "మనాది పట్టుకుంది", "రంది ఎక్కువైంది", "గుండె దడదడ అంటుంది", "కంటికి నిద్ర లేదు" అంటారు. బోరు ఎండిన రైతు, ముంబైకి వలసపోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి, పచ్చి బాలింత. వీళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నడుం నొప్పి, తలనొప్పి, నీరసం అనుకుంటూ వస్తారు. ఒక సూది, నాలుగు బలం గోలీలతో ఇంటికి పోతారు. లేదంటే గాలి సోకిందని మంత్రగాని దగ్గరికి పోతారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదు.

అందరూ హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి పోలేరు, అందరికీ అవసరం కూడా లేదు. ఊళ్లో ఉండే ఆశా, ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరుకు శిక్షణ ఇస్తే చాలావరకు అక్కడే బాగవుతుంది. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆలోచన కూడా ఇదే.

2. ఐదు గుణాలు, ఐదు శిక్షణలు

మంచి పరిచారకునికి ఉండాల్సిన ఐదు గుణాలను అంగుత్తర నికాయం చెబుతుంది. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

మొదటిది, మందు సిద్ధం చేయగలగడం. డిప్రెషన్ మందు పని కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ సంగతి చెప్పకపోతే నాలుగో రోజే "గుణం లేదు" అని మానేస్తారు. కాబట్టి మందు రాయడం డాక్టరు పని, విడవకుండా మింగేలా చూడటం ఆశా పని.

రెండవది, ఏది మేలో ఏది కీడో తెలియడం. రెండు వారాలుగా దిగులు, నిద్ర, ఆకలి, పనిమీద మనసు ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు అడిగే పద్ధతి ఉంది. దాని పేరు పీహెచ్‌క్యూ–9. ఆందోళనకు ఏడు ప్రశ్నల జీఏడీ–7 ఉంది. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడాలి. తేలికపాటి కుంగుబాటుకు మాట, తోడు, రోజూ చిన్న పని చాలు. అందరికీ గోలీలు అక్కరలేదు.

మూడవది, లాభం కోసం కాక మైత్రితో చేయడం. మైత్రి అంటే ముందు చెవి ఇవ్వడం. "గింత దానికే ఏడుస్తవా?" అనకుండా వినడం.

నాల్గవది, అసహ్యపడకపోవడం. "పిచ్చి" అనే మాట శిక్షణ గది బయటే వదిలేయాలి. రోగి సంగతి వాడకట్టుకు చెప్పకూడదు.

ఐదవది, సమయానికి తగిన మాటతో ధైర్యం ఇవ్వడం. అన్నిటికన్నా కష్టమైన మాట ఇక్కడే ఉంది: "సచ్చిపోవాలని అనిపిస్తుందా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపలి బరువు బయటపడుతుంది. అవునంటే మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోంచి పురుగుమందు తీసేయాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. టెలి మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది.

3. ఇది జరిగే పనేనా?

జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే ప్రాజెక్టు ఆశాలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణ ఇచ్చింది. ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ పోయి ప్రశ్నలు అడిగారు, అవసరమైనవారిని డాక్టరు దగ్గరికి పంపారు, మళ్లీ పోయి చూశారు. ఊళ్లో అపోహలు పోగొట్టే ప్రచారమూ నడిపారు. తర్వాత హర్యానాలోని పల్లెలను కూడా కలిపి పరీక్షించినప్పుడు, ఈ సేవ అందినవారిలో కుంగుబాటు ఎక్కువగా తగ్గింది. ఫణిగిరి విహారాలు వెలసిన మన నేలమీద ఇది ఎందుకు జరగకూడదు?

అయితే ఒక జాగ్రత్త. ఆశాకు ఇప్పటికే బాలింతలు, టీకాలు, సర్వేలు ఉన్నాయి. పని పెంచితే పారితోషికం పెంచాలి. ఆమె మనసును కూడా ఎవరో ఒకరు అడగాలి. దీన్ని మనం గ్రామసభలో అడగాలి.

4. మన వంతు

ధ్యానం మంచిదే, కానీ "ధ్యానం చేయి, మందులు మానేయి" అనడం ధమ్మం కాదు. వైద్యుని దగ్గరికి వెంట పోవడమే కరుణ. అప్పు, వలస, కులం పేరుతో జరిగే అవమానం దుఃఖానికి కారణాలైనప్పుడు వాటిపై కొట్లాడటం కూడా చికిత్సలో భాగమే.

చర్చకు ప్రశ్నలు:
1. మీ వాడలో నెల రోజులుగా బయటికి రాని మనిషి ఎవరైనా ఉన్నారా? ఎవరు పోయి పలకరిస్తారు?
2. మీ పీహెచ్‌సీలో మనసు జబ్బుకు మందు దొరుకుతుందా? వచ్చే సమావేశానికి కనుక్కుని రండి.
3. ఐదు గుణాల్లో మీకు ఏది కష్టం?

నమో బుద్ధాయ. జై భీమ్.