చరిత్రలో మన అమ్మలెక్కడ?



మన పామర్రులో బస్సెక్కితే గంటలో బందరు. ఆ బందరులోనే 1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. డిగ్రీ మూడేళ్లూ బందరు వెళ్లొచ్చిన నాకు ఈ సంగతి పి.జి.కి వచ్చాక గాని తెలియలేదు.

అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్ననాడే పెళ్లయింది. బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చారు. కన్నబిడ్డలు పోయిన దుఃఖంలోనూ పుస్తకం వదల్లేదు. ఆడవాళ్లకు తెలివి తక్కువ, చదివితే చెడిపోతారు అనే మాటలకు జవాబుగా గొప్ప స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. అది 1901లో వెలువడింది. మరుసటి ఏడాది ఆమె కథ 'ధన త్రయోదశి' 'హిందూసుందరి'లో వచ్చింది. అయినా తొలి తెలుగు కథ అనగానే మనం చెప్పేది 1910 నాటి 'దిద్దుబాటు' పేరే! 1905లో, ముప్పై ఏళ్లకే ఆమె కన్నుమూశారు.

చదువుకున్న ఇంటి ఆడపడుచునే మరిచిపోతే, మన వాడల స్త్రీలను ఎవరు తలుస్తారు?

సికింద్రాబాదులో పారిశుద్ధ్య పని చేసే మెహతర్ కులంలో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరయ్యారు. తర్వాత దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు. గుడి మెట్లు ఎక్కనివ్వని కులాల నుంచి వచ్చిన స్త్రీ ఆ గుళ్లకే మంత్రి కావడం చిన్న విషయమా? రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయి 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి పేదల పక్షాన సభలో నిలదీశారు. మన పాఠాల్లో వీరి పేర్లు ఎన్నిసార్లు విన్నాం? సదాలక్ష్మి గారి బతుకుకథ 'నేనే బలాన్ని' పుస్తకంగా రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. రాసింది మరో దళిత రచయిత్రి గోగు శ్యామల గారు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1962లో జాన్ గ్లెన్ అంతరిక్షంలో భూమిని చుట్టి రావడానికి లెక్కలు సరిచూసిన వారిలో నల్లజాతి స్త్రీ కాథరిన్ జాన్సన్ ఒకరు. 2016లో మార్గో లీ షెటర్లీ పుస్తకం రాశాకే అలాంటి స్త్రీల కథ లోకమంతా తెలిసింది. షెటర్లీ కూడా ఆ ఊళ్లో పెరిగిన నల్లజాతి అమ్మాయే.

దీన్నిబట్టి తెలిసేది ఒకటే. గొప్ప పని చేస్తే చాలదు, దాన్ని రాసేవాళ్లుండాలి. ఆ రాసేవాళ్లు చాలాసార్లు మనలోంచే రావాలి.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఒక నోటుబుక్కు తీసుకుని అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో కూర్చోండి.

1. చిన్నప్పుడు బడికి వెళ్లారా? ఎందుకు మానేశారు?
2. నాట్లకు, మినుము తీతకు కూలి ఎంత ఇచ్చేవారు? పెంచమని ఎవరు అడిగారు?
3. 1977 నవంబరు 19 ఉప్పెన నాడు ఎక్కడున్నారు? పిల్లల్ని ఎలా కాపాడుకున్నారు?

వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయండి. పేరు, ఊరు, తేదీ వేయండి. మా నాయనమ్మను ఇవి అడుగుదామనుకునేసరికి ఆమె లేదు. మీరు ఆలస్యం చేయకండి.