దొరల ఇంట్లో పుట్టిన స్వరాజ్యం

"పెద్దవాళ్ల గొడవలు పిల్లలకేం తెలుసు?" అంటుంటాం. కానీ పిల్లలు అన్నీ చూస్తూనే ఉంటారు. అన్నీ వింటూనే ఉంటారు. తెలంగాణ అట్టుడికిపోయిన రోజుల్లో పెరిగిన ఒక ఆడపిల్ల కథ ఇది.

ఆ పిల్ల పేరు స్వరాజ్యం. 1931లో పుట్టింది. ఊరు కరివిరాల కొత్తగూడెం. అప్పట్లో అది నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డి. తల్లి చొక్కమ్మ. వాళ్లకు వందల ఎకరాల భూమి ఉండేది. మనకు స్వరాజ్యం రావాలని గాంధీగారు పిలుపునిచ్చిన కాలం అది. అందుకే చుట్టాలు కోరి ఆ పేరు పెట్టించారు.

అప్పుడు హైదరాబాదు రాజ్యాన్ని నిజాం నవాబు ఏలేవాడు. ఊళ్లలో దొరలదే పెత్తనం. జనం చేత దొరలు వెట్టి చేయించేవారు. వెట్టి అంటే కూలి లేని చాకిరీ. చాకలి బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. దళితులు మూటలు మోయాలి. దేనికీ పైసా ఇవ్వరు. దొర బిడ్డ అత్తారింటికి పోతే, వెంట ఒక పేదింటి పిల్లను పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. జీవితమంతా ఆ ఇంటి చాకిరీయే.

ఊరు ఒకటే. కానీ ఒక పిల్లకు గాదె నిండా వడ్లు. ఇంకో పిల్లకు గంజి కూడా కరువు. "నీ బాంచెన్, కాల్మొక్త" అనే మాట వింటూ ఆ పేదపిల్లలు పెరిగారు. స్వరాజ్యం కూడా ఆ మాట వింది. కాకపోతే దొరల అరుగు మీద నుంచి వింది.

ఆ రోజుల్లో ఆంధ్రమహాసభ వెట్టి పోవాలని చెప్పింది. ఊళ్లలో దాన్ని "సంఘం" అనేవారు. స్వరాజ్యం అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి కూడా ఆ ఉద్యమంలో ముఖ్యుడు. అప్పటికి స్వరాజ్యానికి సుమారు 11 ఏళ్లు. తమ ఇంట్లో వెట్టి చేసేవారి ఆకలి ఆమె చూసింది. వాళ్లకు బియ్యం ఇచ్చింది. ఇంటి పెద్దలకు కోపం వచ్చింది. అయినా ఆమె ఆగలేదు. ఇంట్లో పెద్దలకు ఎదురు నిలవడం ఆడపిల్లకు ఎంత కష్టమో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆమెకు అంత ధైర్యం ఎక్కడిది? కళ్లతో చూసిన ఆకలి ఒకటి. చదివిన పుస్తకం ఇంకొకటి. పదేళ్లప్పుడే ఆమె "అమ్మ" అనే నవల చదివింది. దాన్ని రాసింది రష్యా రచయిత గోర్కీ. అందులో ఒక కార్మికుడి తల్లి ఉంటుంది. దెబ్బలు తిని, భయపడుతూ బతికిన మనిషి. ఆమె పెద్ద వయసులో అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటుంది. మెల్లగా భయం వదులుతుంది. మీలాగే!

1946 జులై 4న కడివెండి ఊళ్లో దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనం తిరగబడ్డారు. ఆడవాళ్లు కారంపొడి పట్టుకుని ఎదురు నిలిచారు. తర్వాత అది సాయుధ పోరాటమైంది. అప్పుడు స్వరాజ్యానికి 15 ఏళ్లు. ఆమె ఊరూరా తిరిగి పాటలు పాడింది. మాటలు చెప్పింది. తర్వాత తుపాకీ పట్టింది. ఇల్లు వదిలి అడవిలో బతికింది. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలు ఇస్తామని సర్కారు ప్రకటించింది.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. అయినా పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో విరమించారు. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. ఈడు పిల్లలు ఆడుకునే వయసంతా అలాగే గడిచిపోయింది.

ఈ పోరాటంలో సుమారు 4,000 మంది చనిపోయారని ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వాళ్లలో ఎందరికో పిల్లలు ఉంటారు. తండ్రి ఎప్పుడొస్తాడని ఆ పిల్లలు వాకిట్లో ఎదురుచూసి ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. స్వరాజ్యం కథ చదివేటప్పుడు వాళ్లనూ తలుచుకోవాలి.

స్వరాజ్యం పెళ్లయ్యాక మల్లు స్వరాజ్యం అయింది. తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యేగా గెలిచింది. 2022 మార్చి 19న కన్నుమూసింది.

వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అప్పుల పేరు చెప్పి మనిషిని కట్టిపడేసి పని చేయించుకోవడం నేరం. అలా ఎక్కడైనా జరిగితే కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ రాయడానికి ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు.

"వాళ్లకు అన్నం ఎందుకు లేదమ్మా?" అని పిల్లలు అడుగుతారు. "నీకెందుకు, ఊరుకో" అనకండి. తెలిసినంత చెప్పండి. తెలియకపోతే కలిసి చదివి తెలుసుకోండి.

మాట్లాడుకుందాం

1. వెట్టి అంటే ఏమిటి? మీ అమ్మమ్మ, నానమ్మ వెట్టి గురించి ఏం చెప్పేవారు?
2. ఇంటివాళ్లు వద్దన్నా స్వరాజ్యం బియ్యం ఎందుకు ఇచ్చింది?
3. మీ పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేకపోయారు?

కొత్త మాటలు

పెత్తనం - అధికారం
సాయుధ - ఆయుధాలు పట్టిన
విరమించడం - ఆపేయడం
అర్జీ - కాగితం మీద రాసి ఇచ్చే విన్నపం