కరెంటు పోయినా ఫోను పలకాలి

2018 అక్టోబరు 11. తెల్లవారుజాము. తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు.

అప్పుడు మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను, వినండి.

మా వీధిలో ఒక అత్త ఉంది. ఆమె కూతురు విశాఖపట్నంలో ఉంది. ఆ పిల్లకు నెలలు నిండాయి. తుఫాను వచ్చిన రెండో రోజుకే అత్త ఫోను ఆగిపోయింది. నాలుగో రోజు పక్కింటాయన ఫోనుకు సిగ్నలు వచ్చింది. "ఇదిగో, మాట్లాడు" అని ఆయన ఫోను చేతికిచ్చాడు. చేతిలో ఫోను ఉంది. నంబరు మాత్రం లేదు. కూతురి నంబరు ఆగిపోయిన ఫోనులోనే ఉండిపోయింది.

"ఫోను సచ్చిపోతే నా బిడ్డ నంబరు కూడా సచ్చిపోతాదేటమ్మా?" అని అత్త ఏడ్చింది.

ఎనిమిదో రోజున కబురు తెలిసింది. మనవడు పుట్టి అప్పటికే అయిదు రోజులైంది.

ఫోను ఎందుకు ఆగిపోతుంది?

ఫోను బ్యాటరీ నీళ్ళ కుండ లాంటిది. వాడినకొద్దీ ఖాళీ అవుతుంది. కరెంటు ఉంటేనే మళ్ళీ నిండుతుంది.

ఇదివరకు తీగ ఫోను ఉండేది. ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. ఎందుకని? దానికి కావలసిన కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి తీగలోనే వచ్చేది. ఎక్స్ఛేంజిలో 2 వోల్టుల బ్యాటరీలు 24 వరసగా పెట్టేవారు. 24 రెళ్ళు 48 వోల్టులు.

సెల్ టవరుకు కూడా బ్యాటరీలు ఉంటాయి. అవి కొన్ని గంటలే వస్తాయి. కొన్ని టవర్లకు డీజిలు జనరేటరు ఉంటుంది. చెట్లు పడి దారి మూసుకుపోతే డీజిలు రాదు. టవరు ఆగిపోతుంది. అప్పుడు మన ఫోను సిగ్నలు కోసం వెతుకుతూనే ఉంటుంది. మనం మాట్లాడకపోయినా బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

మనం ఏం చేయాలి?

తుఫాను కబురు వినగానే ఫోను నిండా ఛార్జింగు పెట్టండి. పవర్ బ్యాంకు ఉంటే అదీ నింపండి.

కరెంటు పోయాక పాటలు, వీడియోలు వద్దు. తెర వెలుగు తగ్గించండి. ఫోను లైటు వాడకండి. టార్చి గాని, లాంతరు గాని వాడండి.

సిగ్నలు లేకపోతే ఫోను ఆపేయండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తెరవండి. ఏ వేళకు తెరుస్తారో చుట్టాలకు ముందే చెప్పండి.

ఇంట్లో రెండు ఫోన్లుంటే ఒకటే తెరవండి. బటన్ల ఫోను ఎక్కువ రోజులు వస్తుంది. దాన్ని పారేయకండి.

లెక్క చేద్దాం

ఫోను రోజంతా తెరిచి ఉంచితే 24 గంటలు ఖర్చు. రోజుకు రెండు అరగంటలు తెరిస్తే 1 గంటే ఖర్చు. ఫోను తెరిచేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఖర్చు ఎక్కువ. అందుకని సరిగ్గా 24 రెట్లు రాదు. అయినా ఒక రోజు వచ్చే ఛార్జింగు ఎన్నో రోజులు వస్తుంది.

పవర్ బ్యాంకు మీద 10000 అని రాసి ఉంటుంది. అందులో కొంత వేడిగా పోతుంది. ఫోనుకు చేరేది సుమారు 6000. బటన్ల ఫోను బ్యాటరీ మీద 1000 అని ఉంటే, ఆరు సార్లు నింపుకోవచ్చు. పెద్ద ఫోను 5000 అయితే ఒక్కసారే. కొనేముందు ఈ అంకెలు మీరే చదవండి.

జాగ్రత్త!

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులు. మామూలు ఫోను ఛార్జరు ఇచ్చేది 5 వోల్టులు. బ్యాటరీ తీగలు ఫోనుకు నేరుగా తగిలించకండి. కారు ఛార్జరు ద్వారానే పెట్టండి. తడి చేతులతో ఛార్జరు ముట్టకండి. ఉబ్బిన బ్యాటరీ వాడకండి. జనరేటరు ఇంటి లోపల పెట్టకండి. దాని పొగ ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం

నంబర్లు కాగితం మీద రాసుకోండి. అప్పుడు ఎవరి ఫోను నుంచైనా మాట్లాడవచ్చు.

ఆ అత్త ఇప్పుడు మన కేంద్రానికి వస్తోంది. మొదట తన పేరు రాయడం నేర్చింది. తర్వాత కూతురి నంబరు నేర్చింది. పది అంకెలూ గోడ మీద రాసుకుంది, దేవుడి పటం కింద.

రాయండి

1. మీ వాళ్ళ నంబర్లు మూడు రాయండి. చూడకుండా ఒకటి చెప్పండి.
2. ఇవి గోడ మీద రాయండి: అంబులెన్సు 108. ఆపదలో సాయానికి 112. కరెంటు ఫిర్యాదుకు 1912.

మాట్లాడుకోండి

మీ వీధిలో పవర్ బ్యాంకు ఎవరికి ఉంది? సోలారు లైటు ఎవరికి ఉంది? కరెంటు పోతే ఎవరి ఫోను ముందు నింపాలి? నెలలు నిండిన మనిషి ఉన్న ఇల్లు ఏది?