పిల్లల కాలేయమున క్రొవ్వు – వైద్యుడు గుర్తించవలసిన వ్యాధి

బొద్దుగా ఉన్న బిడ్డను చూచి ఆరోగ్యవంతుడని మనము మురిసిపోవుదుము. కాలేయవ్యాధి త్రాగుబోతులకే వచ్చునని తలంతుము. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. మద్యము వాసన యెరుగని పిల్లల కాలేయమున కూడ క్రొవ్వు పేరుకొనుచున్నది.

వైద్యలోకమునకే ఈ సంగతి ఆలస్యముగా తెలిసినది. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మద్యపానము వలన గాని కాలేయ క్రొవ్వువ్యాధికి ప్రత్యేకముగా ఒక పేరు పెట్టిరి. స్థూలకాయులైన పిల్లలలో దానిని గూర్చిన నివేదిక 1983లో వెలువడినది. మన దేశమున 2021లో కేంద్ర ప్రభుత్వము ఈ వ్యాధిని అసాంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమమున చేర్చినది. కావున దీనిని కనిపెట్టుట పట్టణములలోని నిపుణుల పని మాత్రమే కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని పని కూడ.

అయినను ఇది వైద్యుని దృష్టికి తరచుగా అందదు. అందులకు మూడు కారణములు కలవు.

మొదటిది: ఎక్కువమంది పిల్లలకు ఏ బాధయు ఉండదు. జ్వరమునకో, దగ్గునకో వచ్చిన బిడ్డకు ఆ మందే ఇచ్చి పంపుట జరుగును.

రెండవది: పొట్టపై క్రొవ్వు ఉన్నప్పుడు, పెరిగిన కాలేయము చేతికి తగులకపోవచ్చును.

మూడవది: రక్తపరీక్ష కాగితము. ఎస్.జి.పి.టి. పరీక్షలో గరిష్ఠ పరిమితి బాలురకు లీటరుకు 26, బాలికలకు 22 యూనిట్లుగా గ్రహింపవలెనని ఉత్తర అమెరికా శిశు వైద్య నిపుణుల సంఘము 2017లో సూచించినది. పెక్కు పరీక్షాశాలల కాగితములపై 40 గాని, అంతకు మించి గాని అచ్చయి యుండును. అందువలన 38 వచ్చిన బాలునికి కూడ దోషము లేదని చెప్పి పంపుదురు.

స్థూలకాయులైన పిల్లలకు 9 మొదలు 11 ఏండ్ల ప్రాయమున ఈ పరీక్ష చేయింపవలెనని ఆ సంఘమే చెప్పినది. ఫలితము పరిమితికి రెట్టింపై మూడు మాసములకు మించి నిలచినచో, వైద్యుడు ఇతర కాలేయవ్యాధులను కూడ వెదకవలెను. ఉపేక్షించినచో కొందరికి కాలేయము వాచి, గట్టిపడును.

తలిదండ్రులు చేయదగిన సాయము కలదు. బిడ్డ మెడ వెనుక చర్మము నల్లబడి మందమైనచో మురికియని రుద్దక వైద్యునికి చూపుడు. ఇంట మధుమేహము ఉన్నచో చెప్పుడు. పాఠశాలకు వచ్చు ఆరోగ్య బృందము కొలిచిన ఎత్తు, బరువు వ్రాసి యుంచుకొని చూపుడు. “కాలేయ పరీక్ష అవసరమా?” అని అడుగుడు.

పిల్లలలో ఈ వ్యాధికి ప్రత్యేకించి ఆమోదింపబడిన మందు లేదు. కాని మార్గము కలదు. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 40 మంది బాలురు పాల్గొనిరి. వారిలో చక్కెర మిక్కిలి తగ్గించిన ఆహారము తిన్నవారికి 8 వారములలో కాలేయపు క్రొవ్వు సగటున నూటికి 25 పాళ్ల నుండి 17 పాళ్లకు దిగినది. కావున సీసా పానీయములు, మిఠాయిలు మాన్పింపుడు, ప్రతిదినము ఆటలాడనిండు. బిడ్డను పస్తుంచరాదు, హేళన చేయరాదు. ఇంటిల్లిపాది ఒకే తీరున భుజించుట మేలు.

నొప్పి లేని వ్యాధి తానై చెప్పుకొనదు. వైద్యుడు అడుగవలెను, తల్లి చెప్పవలెను. అప్పుడే బిడ్డకు రక్ష.