పంచెకట్టునకు తగిన తలకట్టు

మనుష్యుడు ధరించు ఉడుపులలో తలపై నుండునదే మొదట పరుల కంటబడును. పంచె కట్టినవాడు తలకేమి ధరింపవలెనను ప్రశ్న చూచుటకు స్వల్పముగా దోచును. అద్దము ముందు నిలిచి రెండు నిమిషములలో తేల్చుకొనదగిన విషయమని విద్యార్థులు తలంతురు. కాని ఈ చిన్న విషయమునకై ప్రభుత్వములు శాసనములు చేసినవి, కవులు వాపోయిరి, సిపాయిలు ప్రాణములు విడిచిరి. కావున దీనినొక పాఠముగా నేర్చుకొనుట వ్యర్థము కాదు.

తలకు ధరించువానిని రెండు తెగలుగా విభజింపవచ్చును. చుట్టునవి యొక తెగ. తొడుగునవి వేరొక తెగ. తలపాగ, రుమాలు, తలగుడ్డ మొదటి తెగలోనివి. కుళ్లాయి, టోపి రెండవ తెగలోనివి. సంస్కృతమున తలపాగకు ఉష్ణీషమని పేరు. ఉష్ణమును, అనగా ఎండ వేడిమిని, పోగొట్టునది గనుక ఆ పేరు కలిగెనని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. దీనివలన తలకట్టు యొక్క మొదటి ప్రయోజనము అలంకారము కాదనియు, రక్షణమనియు తెలియుచున్నది.

ఇక పంచె సంగతి. పంచె కుట్టని వస్త్రము. దానికి కత్తెర లేదు, సూది లేదు. కట్టువాని నేర్పే దానికి ఆకారము నిచ్చును. తలపాగయు నట్టిదే. ఒక పొడుగాటి బట్టను నిడువున మడిచి, ఒక కొన మెడవెనుక విడిచి, నొసటిమీద మడతలు ఒకదానిపై నొకటి ఏటవాలుగా దాటునట్లు చుట్టి, చివరికొనను మడతలలో దోపినచో తలపాగ యగును. విప్పినచో మరల బట్టయే. కుట్టని పంచెకు కుట్టని తలపాగ సహజముగా జత కుదురుటకు కారణ మిదియే. తెల్లని ముతక పంచెకు తెల్లని తలగుడ్డయు, జరీ యంచు పంచెకు అట్టి యంచుగల పాగయు ఒప్పును. అంచు లొకదానితో నొకటి పలుకవలెను, పోట్లాడరాదు.

అయినను ఇది మీరరాని నియమము కాదు. తిరుమల దేవాలయమున దేవేరులతో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహమును చూడుడు. నడుమున వస్త్రము, తలపై పొడవైన కుళ్లాయి. లేపాక్షి చిత్రములలోని పురుషుల తలలపైనను అట్టి కుళ్లాయిలే కలవు. కుళ్లాయి పారసీకుల టోపి నుండి వచ్చినది. పేరును ఆ భాషదే. పరదేశపు టోపి విజయనగర రాజసభలో గౌరవచిహ్న మయ్యెను. కాని యలవాటు లేనివారికి ఆ సభామర్యాద కష్టమే. కర్ణాట రాజసభకేగి కుళ్లాయి పెట్టుకొని, కోక చుట్టుకొని పడిన పాట్లను శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన చాటువొకటి నేటికిని చెప్పుచున్నది. తనది కాని తలకట్టు కవిసార్వభౌమునకే బరువైనదన్నమాట.

మన ప్రాంతమునకు సమీపముననే తలకట్టునకై ప్రత్యేకముగా నేసిన వస్త్రము కలదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాక గ్రామమునందును, సముద్రతీరమున చీరాలయందును నేయు తేలియా రుమాలే యది. నూలును నూనెతోడను, ఆముదపు కాయల బూడిద నీటితోడను పలుమారులు నానబెట్టి, ఆరబెట్టి, ముళ్లు వేసి రంగులద్ది, తరువాత మగ్గమున కెక్కింతురు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చతురస్రపు బట్ట యది. నూనె పట్టిన నూలు గనుక తలకు చల్లదన మిచ్చునని జాలరులును, పశువుల కాపరులును దానిని తలకు చుట్టిరి. సముద్రము దాటి అరబ్బు దేశములకు పోయి అచ్చటివారి తలలపైనను నిలిచెను. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేదవాని తలగుడ్డకు ఇంతటి శాస్త్రము వెనుక నున్నదని ఎరుగుట మేలు.

మునగాల రెండు నాగరకతల కూడలి. నాలుగు దిక్కుల నైజాము రాజ్యపు గ్రామములుండగా, ఈ పరగణా మాత్రము మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసినది. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో నున్నది. అటు హైదరాబాదు కొలువులో షేర్వానీకి రూమీ టోపియో దస్తారో జత. ఇటు కోస్తాలో పంచెకు తలపాగ జత. 1920 తరువాత ఖద్దరు పంచెకు ఖద్దరు గాంధీ టోపి వచ్చి చేరెను. అది కుట్టిన టోపియే యైనను పంచెతో పొందుపడుటకు కారణము, రెండును ఒకే నూలు, ఒకే తెలుపు. కాగా రెండవ సూత్ర మిది: ఆకారము కలియనిచోట బట్ట కలియవలెను.

ఈ సూత్రము దూరదేశమునను చెల్లును. స్కాట్లాండు పర్వతవాసులు కిల్టు అను గళ్ల ఉన్నివస్త్రమును నడుమునకు చుట్టుకొందురు. దానికి జతగా తలకు ధరించునవి గుండ్రని బాల్మోరల్ కుళ్లాయియు, మడిచి దాచుకొనదగిన గ్లెన్‌గారీ కుళ్లాయియు. క్రిందిది ఉన్ని, పైదియు ఉన్నియే. 1746లో ఆంగ్ల ప్రభుత్వము చట్టము చేసి ఆ పర్వతవాసుల ఉడుపును నిషేధించెను. 1782లో గాని ఆ నిషేధము తొలగలేదు. నిషేధించిన ఉడుపే పిమ్మట ఆ దేశమంతటికి గర్వకారణ మయ్యెను.

మా ఇష్టము వచ్చినది మీరు ధరింపుడని బలవంతము చేసినచో ఏమగునో మన దక్షిణదేశమే చూచినది. 1805 నవంబరులో మద్రాసు సైన్యపు సిపాయిలకు క్రొత్త తలపాగ నేర్పాటు చేసిరి. అది టోపివలె నుండెను. దానికి తోలుతో చేసిన కుచ్చు గలదు. నొసట బొట్టు కూడదనియు, గడ్డము గొరిగించుకొనవలెననియు ఆజ్ఞ వెలువడెను. తమను బలిమిని క్రైస్తవులనుగా చేయుటకే యిది మొదటి మెట్టని సిపాయిలు శంకించిరి. 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగెను. దానిలోను, దానిని అణచుటలోను వందలకొలది జనులు మడిసిరి. తిరుగుబాటునకు ఇతర కారణములును ఉండెను. ఆ కోటలో టిప్పు సుల్తాను కుమారులు నిర్బంధమున నుండిరి. అయినను నిప్పంటించినది తలపాగయే. ఆజ్ఞ రద్దయ్యెను, గవర్నరు బెంటింకును, సేనాధిపతి క్రాడకును ఇంగ్లాండు వెనుకకు పిలిపించెను. క్రైస్తవులమైన మనము ఈ వృత్తాంతమును మరి శ్రద్ధగా చదువవలెను. విశ్వాసము టోపిలో లేదు. టోపి పెట్టించి విశ్వాసము పెట్టింపజాలము.

తల కప్పించుట వలెనే తల విప్పించుటయు బలవంతమే. తెలంగాణమున వెట్టి సాగిన దినములలో దొరగారి గడి ముందు నడచు పేదవాడు తలగుడ్డ తీసి చంకబెట్టుకొని, చెప్పులు చేత పట్టుకొని పోవలసి వచ్చెడిది. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయమున, పురుషుడు ప్రార్థనవేళ తల కప్పుకొనరాదని బోధించెను. మన పెద్దలు దేవాలయమున తలపాగ తీయుట ఆ బోధవలననే. రెండు తావులందును తీసినది ఒకే గుడ్డ. కాని దేవుని యెదుట ప్రేమతో తీసినది భక్తి. మనుష్యుని యెదుట భయముతో తీసినది బానిసత్వము. ఈ భేదము గ్రహించినవాడే తలకట్టు విషయము తెలిసినవాడు.

కావున పంచె కట్టువాడు తలకట్టును ఎన్నుకొనునపుడు నాలుగు విషయములు విచారింపవలెను.

మొదటిది పని. పొలమునకు పోవువానికి చెమట పీల్చు నూలు తలగుడ్డ కావలెను. పట్టు పాగ పనికిరాదు. మన యూరి మీదుగా పోవు హైదరాబాదు-విజయవాడ రహదారిపై మోటారు సైకిలు నడుపువానికి, పంచె కట్టినను సరే, హెల్మెట్టే తగిన తలకట్టు.

రెండవది వస్త్రము. బట్టయు, రంగును, అంచును పంచెతో కలియవలెను. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తెల్లని పంచె, పొడుగు కోటు, తెల్లని తలపాగ ధరించిరి. కోటు కుట్టినదైనను, క్రింది పంచెయు పైని పాగయు చుట్టినవి గనుక నడుమ నున్న కోటు వానితో నిమిడిపోయెను. తిరుపతి, వేలూరు మిషను పాఠశాలలలో చదివిన ఆ మహనీయుడు ఆక్స్‌ఫర్డునందు బోధించినప్పుడును, 1962లో రాష్ట్రపతి యైనప్పుడును ఆ తలపాగను విడువలేదు.

మూడవది సందర్భము. పెండ్లికి జరీ పాగ, దుఃఖము గల యింటికి సాదా బట్ట, ప్రార్థనకు ఒట్టి తల.

నాల్గవది స్వేచ్ఛ. తన తలకట్టును తానే ఎన్నుకొనవలెను. ఇతరుల తలకట్టును చూచి నవ్వరాదు.

విద్యార్థులారా, ఈ నాల్గవది మీకు ముఖ్యము. మీ తాతలు మిమ్ము చేర్పించుటకై బడికి వచ్చినప్పుడు, వారిలో కొందరు కార్యాలయపు గడపయొద్ద నిలిచి, పాత యలవాటుచొప్పున తలగుడ్డ తీసి భుజముపై వేసికొందురు. అట్టివారిని చూచినప్పుడు నవ్వకుడు, చూడనట్లు పోకుడు. దగ్గరకు బోయి, "తాతా, తలగుడ్డ ఉండనియ్యుము, లోపలికి రమ్ము" అని పిలువుడు. ఆ మాటయొక్క విలువ ఆయనకు తెలియును.